సరిహద్దు ఊళ్ళలో సంగీతకారుల్ని ఇంటర్వ్యూ చేసి రాయడం ఎలా: మొదటి ఫోన్ నుంచి అచ్చు కాపీ దాకా

మేళం వాళ్ళ మీద రాయాలనుంది, పాత గాయకుల్ని కలవాలనుంది, ఎక్కడ మొదలెట్టాలి, ఏం అడగాలి, వాళ్ళు నోరు విప్పకపోతే ఏం చెయ్యాలి అని కొత్తగా రాస్తున్న పిల్లలూ లోకల్ పేపర్ల స్ట్రింగర్లూ పదే పదే అడుగుతున్నారు. ఒక్కొక్కళ్ళకి ఫోన్లో చెప్పే బదులు మొత్తం ఒకచోట పెడుతున్నా. నేను తిరిగేది ఆంధ్ర, ఒడిశా సరిహద్దులో ఇచ్ఛాపురం, బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ బెల్టు, కాబట్టి ఉదాహరణలన్నీ ఆ వైపువే.

దీంట్లో నేను గట్టిగా నమ్మేది ఒకటే. కళ గొప్పదనం గురించి అడిగితే ఎంత మంచి విద్వాంసుడైనా సన్మాన సభలో మాట్లాడినట్టే మాట్లాడతాడు, అదే పని గురించి అడిగితే, అంటే పీక (సన్నాయికి నోట్లో పెట్టుకుని ఊదే ముక్క) ఎక్కడ తెస్తారు, డోలు ఎండలో ఎంతసేపు పెడతారు, పెళ్ళిలో భోజనం ఏ బంతిలో పెడతారు అని అడిగితే, మీకు కావాల్సిన సంగీతం కూడా దాని వెనకే వస్తుంది. కింద చెప్పేవన్నీ దానికోసమే.

1. కలవబోయేది ఎవర్నో ముందు తేల్చుకోండి

సంగీతకారుడు అని ఒక్క మాట అనేస్తాం గానీ ఈ బెల్టులో ఒక్కొక్కళ్ళ దగ్గరకి వెళ్ళే దారి ఒక్కోలా ఉంటుంది.

- పెళ్ళి సన్నాయి మేళం: అడ్వాన్సు పుచ్చుకునే మేళం పెద్ద ఒకాయన ఉంటాడు, ఆయన్ని దాటి నేరుగా డోలు కుర్రాడికి ఫోన్ చేస్తే ఇద్దరి మధ్యా గొడవ పెట్టినట్టే.
- జముకుల కథ, తప్పెటగుళ్ళు బృందాలు: బృందం గురువు సరే అన్నాకే మిగతావాళ్ళు మాట్లాడతారు.
- గంజాం వైపు ప్రహ్లాద నాటకం: రాజు వేషం కట్టినాయన అందరికీ కనిపిస్తాడు గానీ పాట నడిపేది గాహక, అంటే ప్రధాన గాయకుడు, పక్కన మర్దళ అనే మద్దెల, హార్మోనియం, ముఖవీణ. వేషధారిని మాత్రమే కలిసి వచ్చేస్తే సగం కథ అక్కడే వదిలేసినట్టు.
- ఒడిస్సీ గాత్రం, కర్ణాటక గాత్రం, వీణ చెప్పే మాస్టార్లు, బరంపురం ఆకాశవాణిలో పాడేవాళ్ళు: వీళ్ళకి ముందు ఫోన్, తరవాత టైమ్ ఫిక్స్ చేస్కోవడం అలవాటే.
- గజపతి, రాయగడ కొండల్లో సవర గూడేలు: పాట ఒక్కరి సొంతం అనుకోరు, ఊరి పెద్దని కలవకుండా ఒక్క గాయకుణ్ణి పక్కకి తీసుకెళ్తే మాట రాదు.
- ఆర్కెస్ట్రా సింగర్లు, బ్యాండు మేళం: వీళ్ళ మీద ఎవరూ రాయరు, నా లెక్కలో మంచి కథలు ఎక్కువగా దొరికేది ఇక్కడే. ఒకే రాత్రి తెలుగు, ఒడియా, హిందీ మూడూ పాడి, తెల్లారి ట్యూషన్ చెప్పుకునే మనిషి కన్నా ఈ సరిహద్దు గురించి ఎక్కువ తెలిసినోళ్ళు ఎవరుంటారు.

2. పంచాంగం చూడకుండా ఫోన్ చెయ్యొద్దు

చాలా ఇంటర్వ్యూలు ఇక్కడే చెడతాయి. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో ఫోన్ చేస్తే సన్నాయి ఆయన "చూద్దాం బాబూ" అంటాడు, ఆ చూద్దాం ఎప్పటికీ రాదు, ఎందుకంటే ఆయన రాత్రి రెండింటి ముహూర్తానికి వాయించి తెల్లారి ఇంకో ఊరికి బస్సెక్కుతున్నాడు. ఆషాఢంలో గానీ మూఢంలో గానీ చెయ్యండి, ఇంట్లోనే ఉంటాడు, కాస్త విసుగ్గా కూడా ఉంటాడు, మాట్లాడ్డానికి మనిషి దొరికితే చాలు. ధనుర్మాసంలో గుడి మేళం వాళ్ళని పొద్దున్నే కదపొద్దు.

ఒడియా వైపు ఇంకో చిక్కుంది. మనది అమావాస్యతో అయ్యే నెల, వాళ్ళది పౌర్ణమితో అయ్యే నెల, అందుకని శుక్లపక్షంలో రెండూ కలుస్తాయి గానీ కృష్ణపక్షంలో నెల పేరే మారిపోతుంది. వాళ్ళ కార్తీకం మనకన్నా పదిహేను రోజులు ముందే మొదలై కార్తీక పౌర్ణమికే అయిపోతుంది. "కార్తీకం వెళ్ళాక రండి" అని ఒడిస్సీ గాయని చెప్తే మీరు మన లెక్క వేస్కుని వెళ్ళకండి, తేదీ అడగండి, ఇంగ్లీషు తేదీ.

దండ నాట, అంటే వ్రతం పట్టి ఆడే ఒడియా జానపద ప్రదర్శన, చేసేవాళ్ళయితే చైత్రంలో వ్రతం మీద ఉంటారు, పణా సంక్రాంతితో, అంటే ఏప్రిల్ నడిమికి అయిపోతుంది. ఆ రోజుల్లో చూడండి, నోట్స్ రాస్కోండి, ప్రశ్నలు మాత్రం వ్రతం దిగాక.

టైమ్ విషయం ఒక్కటి, రాత్రంతా ప్రోగ్రాం చేసిన మనిషిని మర్నాడు సాయంత్రం నాలుగు దాటాకే కలవండి.

3. వెళ్ళేముందు వినండి, రెండుసార్లు

రికార్డింగులు ఏవి దొరికితే అవి, పెళ్ళి వీడియో అయినా పర్లేదు. మొదటిసారి పెన్ను పట్టకుండా వినండి. రెండోసారి నిమిషం, సెకను వేసుకుని రాయండి, "4.20 దగ్గర డోలు ఆగింది, ఎందుకు?" ఇలా. ఇంటర్వ్యూలో ఈ ఒక్క ప్రశ్న అడిగితే ఎదుటి మనిషి కూర్చునే పద్ధతే మారిపోతుంది, వినొచ్చాడు వీడు అని తెలిసిపోతుంది కదా.

శాస్త్రం ఎంత తెలియాలి అని అడుగుతారు. పెద్దగా అక్కర్లేదు. ఆది తాళం ఎనిమిది అక్షరాలు చేత్తో వెయ్యగలగాలి, మోహనం, కల్యాణి, హిందోళం లాంటివి నాలుగైదు గుర్తుపట్టగలగాలి, "మీ శ్రుతి ఎంత" అంటే ఒకటిన్నర అనో అయిదు అనో జవాబొస్తే అది ఏ స్థాయి గొంతో అర్థం కావాలి, చాలు. తెలియనిది తెలియదని అడిగితే ఎవరూ ఏమనుకోరు, తెలిసినట్టు తలూపితే మాత్రం రెండో వాక్యానికే దొరికిపోతారు.

ఇక్కడ బాగా జారే చోటు రాగాల పేర్లు. ఆనందభైరవి, ముఖారి, శంకరాభరణం ఒడిస్సీలోనూ ఉన్నాయి, కర్ణాటకంలోనూ ఉన్నాయి, పేరు ఒకటే కదా అని రెండూ ఒకటే అని రాసేయకండి. ఆయన్నే రెండు రకాలుగానూ ఆలపించి చూపించమనండి, ఈ బెల్టులో చాలామందికి రెండూ చెవిలో ఉంటాయి, ఆ తేడా ఆయన గొంతులో వింటే అదే మీ వ్యాసానికి మంచి పేరా.

అచ్చయిపోయిన చరిత్ర మళ్ళీ అడగొద్దు. ఒడియా కవి కవిసూర్య బలదేవ రథ రాసిన చంపూ అనే పాటల కావ్యంలో క నుంచి క్ష దాకా ఒక్కో అక్షరానికి ఒక్కో పాట అన్నది, జలంతర రాజుల ప్రహ్లాద నాటకం సంగతి, విజయనగరం సంగీత కళాశాల 1919లో మొదలైంది, ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్ అన్నది, ఇవన్నీ ఇంట్లో కూర్చుని చదువుకునేవి. ఒడిస్సీ గాయనిని అడగాల్సింది "చంపూలో ఏ అక్షరం పాట మీకు ఇప్పటికీ భయం?"

4. సంచిలో ఏం ఉండాలి

- రెండు రికార్డర్లు, ఒకటి ఫోనయినా సరే. ఫోను ఫ్లైట్ మోడ్‌లో.
- ఫైలు వేవ్ ఫార్మాట్, 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. మాట వరకూ ఎంపీ3 చాలు, వాయిద్యానికి చాలదు.
- హెడ్‌ఫోన్స్. పెట్టుకుని వినకపోతే ఫ్యాన్ మోత ఇంటికొచ్చాకే తెలుస్తుంది.
- పవర్ బ్యాంకు, కొండ గూడేలకి వెళ్తే ఆఫ్‌లైన్ మ్యాపు.
- కాగితం, రెండు పెన్నులు, చిల్లర.

సన్నాయి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఆరుబయట ఊరంతా వినపడ్డానికి పుట్టిన వాయిద్యం, పది బై పది గదిలో ఊదితే ఫోన్ రికార్డింగు పగిలిపోతుంది. రికార్డర్ని కనీసం రెండు మీటర్ల దూరంలో, సన్నాయి నోటికి ఎదురుగా కాకుండా పక్కకి పెట్టండి. ఆటో గెయిన్, అంటే శబ్దాన్ని తనంతట తానే పెంచి తగ్గించే సెట్టింగు, ఆపేయండి. ముందు ఒక్కసారి పూర్తి బలంతో ఊదమని అడిగి మీటర్ మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా సర్దుకోండి. చాలామంది మెల్లగా ఊదినప్పుడు లెవెల్ పెట్టుకుంటారు, గట్టిమేళం వచ్చేసరికి అంతా బరబరే.

5. గుమ్మం దగ్గర్నుంచి మొదటి అరగంట

రికార్డర్ బయటికి తియ్యకండి. చెప్పులు వాయిద్యాలకి దూరంగా విప్పండి, డోలు దాటి నడవొద్దు, అడక్కుండా సన్నాయి ముట్టుకోవద్దు. టీ ఇస్తే తాగండి. పెద్దాయన్ని గురువుగారూ అనండి, వయసుని బట్టి బాబు, తాత, మామ్మ కూడా చెల్లుతాయి, ఒడియా పెద్దలకి మాట మాటకీ చివర ఒక ఆగ్యా తగిలిస్తే చాలు, మీ ఒడియా ఎంత వంకరగా ఉన్నా సర్దుకుంటారు. వాళ్ళావిడని, కోడల్ని పలకరించడం మర్చిపోవద్దు, తేదీలు గుర్తుండేది వాళ్ళకే.

ఊరి నాయకుణ్ణో, ఇంకో విలేకరినో వెంటబెట్టుకెళ్ళొద్దు. వాళ్ళుంటే ఆయన వాళ్ళకి చెప్తాడు, మీకు కాదు.

తరవాత నాలుగు ముక్కలు స్పష్టంగా చెప్పండి: ఏం రాస్తున్నారు, ఎక్కడొస్తుంది, ఎంతసేపు పడుతుంది, డబ్బు సంగతి ఏంటి. డబ్బు గురించి నా పద్ధతి ఇది, మాటలకి డబ్బివ్వను, కచేరీలా వాయించమని అడిగితే ఇస్తాను, కూలి పోయే రోజున కూర్చోబెడితే ఆ కూలి ఇస్తాను, ఇచ్చినట్టు వ్యాసంలోనో ఎడిటర్‌కో చెప్తాను. పళ్ళు, తమలపాకులు పట్టుకెళ్ళడం వేరే సంగతి, అది మర్యాద.

పింఛను విషయంలో ఒక్క మాట కూడా ఇవ్వకండి. "ఇంతకు ముందు కూడా మీ పేపరోళ్ళొచ్చారు, రాస్తే పింఛనొస్తదన్నారు, ఏటొచ్చింది?" అని చాలా ఇళ్ళలో వింటారు. అది తిట్టు అనుకోకండి, విని ఊరుకుని, నేను రాయడం వరకే చెయ్యగలను గురువుగారూ అనండి.

6. ప్రశ్నల వరస

రికార్డర్ తీసి, ఆన్ చేస్తున్నానని చెప్పి, ఆయన సరే అన్నమాట కూడా రికార్డయ్యాక మొదలెట్టండి.

మొదట వాయిద్యం. ఎప్పుడూ వాయిద్యమే. చేతిలో వస్తువుంటే మనిషికి మాట సులువుగా వస్తుంది, పైగా మీరు చూసి రాయొచ్చు. సన్నాయి ఆయన్ని వాయించడానికి ముందు ఏం చేస్తారో చేసి చూపించమనండి. సన్నాయి మెడకి దారంతో కట్టి నాలుగైదు పీకలు వేలాడుతుంటాయి, వాటితోపాటే పీకని సరిచేసే సన్నటి సూది కూడా. ఒక పీక తీసి నోట్లో పెట్టుకుని తడుపుతాడు, వేళ్ళతో అంచు నొక్కుతాడు, పీకని మాత్రమే ఊది చూస్తాడు, బాతుపిల్ల అరిచినట్టొస్తుంది, తల అడ్డంగా ఊపి అది పక్కనపెట్టి ఇంకోటి తీస్తాడు. ఎందుకు వద్దన్నారు అని అప్పుడడగండి. "ముసురు పట్టింది కదా బాబూ, ఇది నీరు తాగేసింది, పైకి పలకదు" అంటాడు, ఇంక ఆపక్కర్లేదు, ఏ పీక ఏ ఊరునుంచొచ్చింది, ఏది ఏ పెళ్ళికి మోసం చేసిందో మొత్తం వస్తుంది.

డోలు కుర్రాడి కుడిచేతి వేళ్ళు చూడండి, గుడ్డకి పిండి పట్టించి రాయిలా ఎండబెట్టిన తొడుగులుంటాయి, ఎడమచేత్తో పుల్ల. ఆ తొడుగులు ఎవరు చేస్తారు, పెళ్ళి మధ్యలో ఊడిపోతే ఏం చేస్తావు? జముకు ఆయనయితే దాన్ని చంకలో పెట్టుకుని, చర్మం మధ్యలోంచి వచ్చిన తీగని లాగి మీటుతూ బిగి మార్చి స్వరం మారుస్తాడు, ఆ లాగే చెయ్యి మీద కాయలుంటాయి, అడగండి.

రెండోది నేర్చుకోవడం. మూడోది పని, అంటే రాత్రుళ్ళు, ప్రయాణం, తిండి, పంపకం. నాలుగోది కష్టమైనవి, కులం, అప్పులు, తాగుడు, విడిపోయిన బృందం. చివర్లో మళ్ళీ వాయించమనండి, మొదటిసారికీ ఇప్పటికీ చెయ్యి వేడెక్కి ఉంటుంది.

అలవాటుగా నోటికొచ్చే ప్రశ్నలకి బదులు ఇవి వాడి చూడండి:

- "సంగీతం మీద ఆసక్తి ఎలా కలిగింది?" వద్దు. "మొదట చేతికిచ్చిన వాయిద్యం ఎవరిది? అదిప్పుడు ఎక్కడుంది?"
- "మీ గురువుగారి గురించి చెప్పండి" వద్దు. "గురువుగారు దేనికి కోప్పడేవారు?"
- "ఈ కళకి భవిష్యత్తుందా?" వద్దు. "ఈ సీజన్లో మీ పక్కన డోలు ఎవరు? మిగతా నెలల్లో ఆ అబ్బాయి ఏం చేస్తాడు?"
- "మర్చిపోలేని సంఘటన?" అస్సలు వద్దు. "పెళ్ళివాళ్ళు మధ్యలో ఆపేయమన్నప్పుడు ఏం చేస్తారు?"
- "తెలుగు పెళ్ళికీ ఒడియా పెళ్ళికీ తేడా ఏంటి?" అన్నది బానే ఉంటుంది, ఇంకా బాగుండేది "ఒడియా పెళ్ళిలో వాయించనివి ఏంటి?"

కులం గురించి. సన్నాయి, డోలు తరతరాలుగా ఏ కుటుంబాల్లో ఉన్నాయో ఇక్కడ అందరికీ తెలుసు, వ్యాసాల్లో మాత్రం రాయరు, రాయకపోతే గుడిలో ఎక్కడ నిలబెట్టారు, భోజనం ఎక్కడ పెట్టారు అన్నది పాఠకుడికి అర్థమే కాదు. ఊహించి రాయొద్దు, అడిగి రాయండి, ఎలా రాయమంటారో కూడా అడగండి. వద్దంటే వద్దు.

జవాబు అయిపోయిందనిపించినా లోపల అయిదు లెక్కపెట్టి అప్పుడు తరవాతి ప్రశ్న వెయ్యండి. ఆయన మాట కోసం తడుముకుంటుంటే మీరు అందించొద్దు, అందిస్తే ఆ మాటే తీస్కుని "అదే అదే" అనేస్తాడు, అప్పుడది మీ మాటే అవుతుంది.

7. రెండు భాషలు, మధ్యలో దుబాసీ

పర్లాకిమిడిలో ఒక వాక్యం తెలుగులో మొదలై ఒడియాలో ఆగుతుంది, బరంపురం తెలుగిళ్ళలోనూ అంతే. సర్దొద్దు, ఉన్నదున్నట్టు రాస్కోండి, ఏది ఏ భాషలో చెప్పాడన్నది కూడా సమాచారమే, డబ్బు లెక్క ఒడియాలో చెప్పి గురువు మాట తెలుగులో చెప్పే మనిషి గురించి అదే సగం చెప్పేస్తుంది.

కొడుకు దుబాసీగా కూర్చుంటే పెద్దాయన పది నిమిషాలు మాట్లాడింది "బాగా కష్టపడ్డారంట" అని తేల్చేస్తాడు. అలాంటప్పుడు మొత్తం రికార్డు చేసి, తరవాత ఇంటితో సంబంధం లేని మనిషి చేత వినిపించుకోండి. సవర గూడెంలో సవర నుంచి ఒడియాకి, ఒడియా నుంచి తెలుగుకి రెండు మెట్లు దిగి వస్తుంది మాట, కాబట్టి ముఖ్యమైన జవాబుని మీరు తిరిగి చెప్పి, అది వెనక్కి సవరలో వాళ్ళకి వినిపించి, అవునంటేనే రాయండి. నెమ్మదిగా అవుతుంది, ఒక పూట ఎక్కువ పెట్టుకోండి.

8. తేడా కొట్టినప్పుడు

- అసలు మాట్లాడకపోతే: ఇంటర్వ్యూ ఆపి శిష్యుడికి పాఠం చెప్తుంటే చూస్తానని అడగండి. తిట్టేటప్పుడు అన్నీ బయటికొస్తాయి.
- సన్మానాల జాబితా చదువుతుంటే: "ఆ రోజు పక్కన ఎవరు వాయించారు?" అనండి, వేదిక మీంచి కిందకి దిగుతాడు.
- ఇంకో విద్వాంసుణ్ణి తిడుతుంటే: వినండి, రాయాలనుకుంటే అవతలి మనిషిని కూడా అడిగాకే.
- చెప్పేశాక "ఇది రాయొద్దు" అంటే: మామూలు మనుషులకి మన రూల్స్ తెలీవు, వదిలేయండి. రాజకీయ నాయకుడికి ఈ సౌకర్యం ఇవ్వను.
- శిష్యులు, చుట్టాలు మూగితే: వాయిద్యం మరమ్మతు చేసే చోటికో, గుడికో నడుద్దాం అనండి.
- కరెంటు పోతే: సంతోషించండి, ఫ్యాన్ ఆగింది.

9. ఆ రాత్రే

బస్సులోనే మొదలెట్టండి. గది ఎలా ఉంది, ఆయన ఏ చేత్తో ఏం పట్టుకున్నాడు, ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారు అన్నవి రికార్డర్‌లో ఉండవు, మర్నాటికి మీ బుర్రలోనూ ఉండవు. ఫైలు పేరులో తేదీ, ఊరు, వాయిద్యం పెట్టి రెండు చోట్ల కాపీ చేస్కోండి. తెలుగు ఒడియా కలిసిన మాటని ఫోను తనంతట తాను రాసిపెడుతుందని నమ్ముకోవద్దు, ముఖ్యమైన ముక్కలు చెవితో విని చేత్తో రాయాల్సిందే.

10. ఏళ్ళు, జిల్లాలు, గ్రేడులు సరిచూడ్డం

పెద్ద కళాకారులు ఏడాది చెప్పరు, తుఫాను చెప్తారు. అందుకని ఈ బెల్టులో తిరిగేవాళ్ళ దగ్గర ఒక చిన్న పట్టీ ఉండాలి:

- "99 తుఫాను" అంటే ఏదో అడగండి. ఆ అక్టోబర్‌లో రెండొచ్చాయి, 17న గోపాలపూర్ దగ్గర గంజాంని కొట్టింది ఒకటి, 29న పారాదీప్ వైపు వచ్చిన సూపర్ సైక్లోన్ ఒకటి. బరంపురం మనిషి ఇంటి పైకప్పు మొదటిదానికే పోయుండొచ్చు.
- ఫైలిన్: 2013 అక్టోబర్ 12, గోపాలపూర్ దగ్గర.
- తిత్లీ: 2018 అక్టోబర్ 11, పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లా కొండల్ని ముంచింది.
- "చిన్న రైలు తిరిగే రోజుల్లో" అంటే నౌపడ, గుణుపురం నారో గేజ్ లైను, 2004కి ముందు మాట.

జిల్లాలు కూడా అంతే. గజపతి, రాయగడ రెండూ 1992 అక్టోబర్ 2నే పుట్టాయి, అంతకు ముందు ఒకటి గంజాంలో, ఇంకోటి కోరాపుట్‌లో ఉండేవి. కాబట్టి పర్లాకిమిడి మాస్టారి 1985 సర్టిఫికెట్ మీద గంజాం జిల్లా అని ఉంటే అది తప్పు కాదు. తాతగారి కాగితాల మీద మద్రాసు అని ఉంటే కంగారు పడి "మద్రాసులో పుట్టి" అని రాయకండి, 1936 ఏప్రిల్ 1 దాకా బరంపురం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఇటు పార్వతీపురం మన్యం జిల్లా 2022 ఏప్రిల్‌లో వచ్చింది.

"విజయనగరంలో నేర్చుకున్నారు" అంటే కాలేజీలో చేరి డిప్లొమా చేశారా, లేక అక్కడ ఒక మాస్టారి ఇంట్లో ఉండి నేర్చుకున్నారా అన్నది తేల్చుకోండి. రెండూ గౌరవమే, రెండూ ఒకటి కాదు. ఆకాశవాణి గ్రేడు అడిగితే అందరూ ఏ గ్రేడే అంటారు, ఉన్నవి బి, బి హై, ఎ, టాప్, ఉత్తరం చూపించమని మర్యాదగా అడగండి, ఫోటో తీస్కోండి. బిరుదులు ఎవరిచ్చారు అన్నది రాయలేకపోతే బిరుదు కూడా రాయొద్దు.

పేర్లు మీ నోట్‌బుక్‌లో ఆయన చేతే రాయించండి, తెలుగులోనూ ఒడియాలోనూ. వినికిడిని బట్టి రాస్తే ఒక్క మనిషి మూడు వ్యాసాల్లో ముగ్గురవుతాడు.

11. రాయడం

ముందు విశేషణాలన్నీ కొట్టేయండి: మంత్రముగ్ధుల్ని చేసింది, గానామృతం, అద్భుతం, ఓలలాడించింది. వీటిలో ఏ ఒక్కటీ వినపడదు. ఉదాహరణకి "ఆయన సన్నాయి పెళ్ళికొచ్చినవారిని మైమరపించింది" అన్నదాన్ని ఇలా మార్చొచ్చు:

"గట్టిమేళం అని పురోహితుడు చెయ్యెత్తగానే డోలు ఎత్తుకుంది. సన్నాయి పై షడ్జం దగ్గర నిలబడిపోయింది. ఫోటోగ్రాఫరు డోలు ఆయన్ని పక్కకి జరగమని భుజం పట్టుకు నెట్టాడు, ఆయన జరిగాడు, దెబ్బ తప్పలేదు."

ఇందులో పొగడ్త ఒక్క మాట లేదు, మీరు చూసింది, విన్నదే ఉంది.

ఎత్తుగడకి పుట్టిన తేదీ పెట్టొద్దు, మీరు చూసిన పని ఒకటి పెట్టండి. జీవిత చరిత్ర మూడో పేరా దాకా ఆగుతుంది. ఒక్కో పేరాకి ఒక్క కొటేషన్ చాలు, అదీ ఆయన తప్ప ఇంకెవరూ అనలేని మాటయితేనే.

యాస గురించి ఒక రూలు పెట్టుకోండి. సన్నాయి ఆయన మాట శ్రీకాకుళం యాసలో అచ్చేసి, అదే వ్యాసంలో ప్రొఫెసర్ గారి మాట పుస్తక భాషలోకి మార్చి వెయ్యడం చూస్తుంటాం, ప్రొఫెసర్ గారు కూడా ఇంట్లో "ఏటి" అనే అంటారు. ఉంచితే ఇద్దరికీ ఉంచండి, సర్దితే ఇద్దరికీ సర్దండి.

శీర్షికలో "అంతరించిపోతున్న కళ" అని వేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆయనకి ఫాల్గుణం దాకా బుకింగులున్నాయి, ఆ పేపరు చదివే పెళ్ళివాళ్ళు ఓహో ఈయన మానేశాడు కాబోలు అనుకుంటే ఎవరిది నష్టం? ఎడిటర్లు పెడతారు, మీరు ముందే మంచి శీర్షిక రెండు మూడు పంపేస్తే సగం సార్లు తప్పుతుంది.

12. అచ్చుకి ముందు, అచ్చయ్యాక

వ్యాసం మొత్తం చదివి వినిపించక్కర్లేదు, వినిపిస్తే ఊరంతా ఎడిట్ చేస్తారు. వాస్తవాలు మాత్రం ఫోన్లో ఒక్కొక్కటే చదివి సరిచూడండి.

- పేరు, గురువు పేరు, ఊరు, జిల్లా
- ఏళ్ళు, వయసు
- రాగం, తాళం, పాట పేరు, పాట ఎవరిది
- డబ్బు అంకెలు, అవి వెయ్యొచ్చా
- ఫోటోలో ఉన్న అందరి పేర్లు, ముఖ్యంగా పక్క వాయిద్యం వాళ్ళవి
- పిల్లలుంటే వాళ్ళ పెద్దల అనుమతి

ఆడియోనో వీడియోనో వ్యాసంతో పాటు పెడుతుంటే దానికి విడిగా ఒప్పుకోలు తీస్కోండి. 1957 కాపీరైట్ చట్టంలో 38, 38ఎ సెక్షన్ల కింద ప్రదర్శన మీద హక్కు వాయించిన మనిషిది, అది 50 ఏళ్ళుంటుంది. వార్త కోసం చిన్న ముక్క వాడుకోవడానికి 39వ సెక్షన్లో వెసులుబాటుంది గానీ కచేరీ మొత్తం ఎక్కించెయ్యడానికి కాదు. సంతకం పెట్టలేని వాళ్ళయితే ఒప్పుకున్న మాట ఆడియోలో ఉంచండి, ఎక్కడ వాడతారో పేరు పెట్టి చెప్పండి.

అచ్చయ్యాక వాట్సాప్ లింకు పంపి చేతులు దులుపుకోవద్దు, చాలామంది పెద్దవాళ్ళ దగ్గర బటన్ ఫోనే. పేపరు కాపీలు కనీసం మూడు పోస్టు చెయ్యండి, ఒకటి ఆయనకి, ఒకటి డోలు ఆయనకి, ఒకటి గోడకి. తప్పు దొర్లిందని ఫోనొస్తే వాదించకుండా రాస్కుని, ఆన్‌లైన్లో అదే రోజు మార్పించి, మార్చినట్టు కింద రాయించండి.

రికార్డింగు కాపీ కుటుంబానికి పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. దాన్ని టీవీకి పెట్టి వింటారు, కొన్ని టీవీల్లో వేవ్ ఫైలు ఆడదు, కాబట్టి పక్కనే ఎంపీ3 కూడా ఒకటి వేసి, ఇచ్చేముందు వాళ్ళ టీవీలోనే పెట్టి చూడండి.